ఏసీ బార్ ఉండంగ మా నాయిన కల్లు మండువకే ఎందుకు పోతడు?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె, నేను హైదరాబాద్‌ల జాబ్ చేస్త. మా ఊరి చివర కల్లు దుకాణం ఉంది, మండువ అంటం, తాతల నాటిది, ఇప్పుడు మూడో తరం నడుపుతుండ్రు. మొన్న రోడ్డు మీద ఏసీ బార్ పడ్డది, పైసలు నేను పెడ్త రా నాయినా అన్నా రాడు, పొద్దుగూకంగనే దుకాణానికే పోతడు. ఆ తడికల పందిట్ల ఏముందో నాకు సమజ్ అయితలేదు. ఇంకోటి, కల్లుల మందు కలుపుతరంటరు, భయపడాల్నా?

జవాబు: తమ్మీ, నేను కల్లు గీసే గౌండ్లింటి బిడ్డను. మా నాయినమ్మ దుకాణంల కల్లు వోస్తుంటె పక్కన కూసొని లెక్కలు నేర్సుకున్న, అందుకే జర ఎక్కువ మాట్లాడ్త, ఏమనుకోకు.

బార్‌ల సీసా ఏ ఊర్ల నిండిందో తెల్వది, వోసే పిలగాడు ఇయ్యాల ఉంటడు రేపు ఉండడు. మండువల మీ నాయిన తాగేది ఏ చెట్టు కల్లో ఆయనకు ఎర్కే. తాటిచెట్టు గీతకు, అంటె కల్లు తీసుడుకు, రావాల్నంటె పన్నెండు పదిహేనేండ్లు తక్కువ గాదు, అంటె తాత పెట్టిన చెట్టును కొడుకో మనుమడో గీస్తడు, తాగేటోడు సుతం వాళ్ళ నాయిన తాగిన చెట్టు కిందనే కూసుంటడు. బార్‌ల గిది కొందామంటె దొర్కుతదా?

మా తాత మోకు ముస్తాదు, అంటె చెట్టెక్కే తాడు సామాను, తోని దిగంగనే లొట్టి (కల్లు కుండ) అంచుకు నురుగు పొంగుతుండేది, దాంట్ల తేనెటీగలు పడి ఉండేవి, నాయినమ్మ వడగట్టి మొదలు నాలుగు చుక్కలు ఎల్లమ్మకు సాక వోసి అప్పుడే తాటాకు రేకలల్ల వోసేది. ఆమెకు సదువు రాదు. ఉద్దెర గోడ మీద బొగ్గుతోని గీతలు, ఒక్కొక్కరికి ఒక్కో జాగ. ఒకసారి ఒక పాలేరు సచ్చిపోయిండు, ఆయన గీతలు మస్తు ఉండె. దినాలు అయిన తెల్లారి తడిబట్ట తీస్కొని ఆ జాగ తుడిచింది, మళ్ల చాన్నాళ్లు ఆడ ఇంకొకరి గీత పెట్టలే. నాకు మండువ అంటె గా గోడే యాదికొస్తది.

మందు సంగతి నిజమే, దాయను. మహబూబ్‌నగర్ దిక్కు క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, ఆల్ప్రాజోలం అనే మత్తు మందులు కలిపిన కల్లు తాగి అలవాటైనోళ్ళు, అది ఒక్కసారి దొరకకపోతె చేతులు వణికి, ఫిట్స్ వచ్చి దవఖానల పడ్డరు. చెట్లు తక్కువై గిరాకి ఎక్కువైన కాడ గా పని జరుగుతది. అందుకే చూడాల్సింది చెట్లు, ఆ దుకాణపోళ్ళకు ఎన్ని ఉన్నయి, వోసే కల్లు ఎంత అని. మీ ఊర్ల ఎక్కేటోడు మీ కండ్ల ముంగటనే ఎక్కుతుండంటె సగం భయం లేనట్టే. అసలు కల్లు సుతం మత్తే, షుగర్ బీపీ ఉంటె నాయినను డాక్టర్‌ని అడగమను.

ఇంకోటి, ఎక్కేటోళ్ళ గురించి ఎవ్వరు అడగరు. చెట్టు మీదికెళ్ళి పడి నడుం ఇరిగినోళ్ళు లేని గౌండ్ల వాడ ఉండదు. సూర్యాపేట బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికుల కోసం కొట్లాడిన మనిషి, 1991ల 1996ల నల్లగొండ ఎంపీగ గెలిచిండు. 2024ల సర్కారు చెట్టు మీదికెళ్ళి పడకుండ కాటమయ్య రక్షణ కిట్లు ఇచ్చుడు మొదలువెట్టింది, మీ దుకాణపోళ్ళకు అందిందా లేదా కనుక్కో, అందకపోతె అప్లికేషన్ రాసిపెట్టు, సదువుకున్నోడివి గదా.

ఈసారి ఇంటికి వోయినప్పుడు పొద్దుగాల్నే నాయిన ఎంబడి పో. అప్పుడే దించిన కల్లు తియ్యగుంటది, పొద్దెక్కినకొద్ది పులుస్తది, సందేలకు ఘాటైతది. రేక పట్టుడు నీకు రాదేమో, రెండు చేతుల నడుమ దొప్ప లెక్క పట్టాలె, అంచు వదులైతె అంగీ మీద కారుతది. మీ నాయిననే సూపెట్టుమను.