హనుమకొండ రోడ్లకు 50 మి.మీ. కార్బన్ వీల్స్ పనికొస్తాయా?

మీది రిమ్ బ్రేకులున్న (ప్యాడ్లు రిమ్మునే పట్టుకునే) అల్యూమినియం రోడ్ సైకిల్, షిమానో టియాగ్రా 10 స్పీడ్ గేర్లు, మీ బరువు 78 కిలోలు. రోజూ కాజీపేట దాకా, ఆదివారాలు రామప్ప దాకా తొక్కుతారు. చేతిలో 60 వేలున్నాయి, 50 మి.మీ. లోతు రిమ్ములున్న కార్బన్ వీల్స్ (చక్రాలు) కొనొచ్చా అని అడిగారు. నన్నడిగితే వద్దంటాను. ముందు టైర్లు మార్చండి. అప్పటికీ మనసు లాగితే వెడల్పు రిమ్ములున్న అల్లాయ్ (అల్యూమినియం) చక్రాల జత చూడండి. నేను చేతులు కాలాక ఆకులు పట్టుకున్న రకం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నాలుగేళ్ల కింద నేనూ మీలాగే 45 మి.మీ. కార్బన్ జత తెప్పించాను. ముందు 16 స్పోకులు (పుల్లలు), వెనక 20. బండితో వచ్చిన పాత జత 2,100 గ్రాములు, ఇది 1,550. మా వీధి కిరాణా కొట్టు కాటా మీదే తూచాం. మొదటి వారం హంటర్ రోడ్డు మీద గాల్లో తేలినట్టే ఉంది, ఆ చప్పుడుకే సగం డబ్బులు వచ్చేశాయనుకున్నా. తర్వాత లెక్క వేసుకుంటే నేను, బండి, నీళ్ల సీసాలు కలిపి 88 కిలోలు. అందులో తగ్గింది 550 గ్రాములు, నూటికి ఒక వంతు కూడా కాదు. ఇక లోతైన రిమ్ముతో గాలిని చీల్చే లాభమంటారా, అది తెలిసేది 30, 35 వేగం దాటాక. రామప్ప దాకా పోయి వస్తే నా సగటు 26.

అసలు కథ యాసంగి కోతలప్పుడు జరిగింది. ములుగు దాటాక రోడ్డుకు సగం మేర వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు కదా. వడ్లు ఎత్తుకుపోయాక ఆ రాళ్లు అక్కడే ఉంటాయి. తెల్లారగట్ల మసక వెలుతురులో వెనక చక్రం ఒక రాయి ఎక్కింది, టప్పున ఒక స్పోకు తెగింది. 32 స్పోకుల చక్రమైతే ఒకటి తెగినా కాస్త ఊగుతూ ఇంటికి చేరుస్తుంది. 20 ఉన్నచోట ఒకటి పోతే ఆ భారమంతా పక్కవాటి మీద పడుతుంది, రిమ్ము ఒక్కసారే పక్కకు లాగేస్తుంది. బ్రేకు వదులు చేసి చూశా, అయినా చక్రం ఫ్రేముకే రాసుకుంది. చివరికి ఒక ట్రాలీ ఆటోలో వడ్ల బస్తాల మీద కూర్చుని హనుమకొండ చేరాను.

మా మెకానిక్ ఎంత బెండైనా అరగంటలో తీసే మనిషి. ఆ స్పోకు చూసి పక్కన పెట్టేశాడు. మెడ వంపు లేని, బద్దలా చదునుగా ఉండే రకం అది, పొడవు కూడా వేరే. హైదరాబాద్‌లోనూ దొరకలేదు. పందొమ్మిది రోజులు బండి గోడకే ఆనుకుని ఉంది. "సార్, పుల్లలే దొరకని చక్రం ఎందుకు కొన్నరు?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయా.

ఇప్పుడు వాడేది అల్లాయ్ జత: ముందు 24, వెనక 28 స్పోకులు, అన్నీ మామూలు వంపు మెడవే. బరువు 1,680. లోపలి వెడల్పు 19 మి.మీ., దాని మీద 28 మి.మీ. టైర్లు. 25 మి.మీ. టైర్లకు గాలి 100 పీఎస్ఐ కొట్టేవాణ్ణి, ఇప్పుడు 75 చాలు. కంకర తేలిన రోడ్డు మీద అరచేతులు తిమ్మిరెక్కడం పోయింది. నిజం చెప్పాలంటే ఇందులో ఎక్కువ భాగం టైర్ల పుణ్యమే, అందుకే ముందు వాటితో మొదలుపెట్టమన్నది. అయితే మీ ఫ్రేములో 28 పడుతుందో లేదో చూసుకోండి. వెడల్పు రిమ్ము మీద టైరు ఇంకాస్త ఉబ్బుతుంది. ఎక్కించాక టైరుకూ ఫ్రేముకూ మధ్య, పైన బ్రేకు దగ్గర 4 మి.మీ. అలెన్ కీ దూరాలి. దూరకపోతే 25తోనే ఉండండి.

ట్యూబ్‌లెస్ (ట్యూబ్ లేకుండా, చిల్లు పూడ్చే ద్రవం పోసే టైర్లు) సంగతి కూడా అడుగుతారేమో. సర్కారు తుమ్మ ముళ్లకు మంచిదే, కానీ మన ఎండలకు లోపలి ద్రవం రెండు నెలలకే ఆరిపోతుంది. అంత ఓపిక నాకు లేదు.

కార్బన్ రిమ్ము మీదే బ్రేకు పడితే దానికి వేరే ప్యాడ్లు కావాలి, వానలో పట్టు కూడా అల్లాయ్ కంటే తక్కువ. ఇంకోటి, ఇసుక లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు లోతైన ముందు చక్రం హ్యాండిల్‌ను గుంజుతుంది. మొదటిసారి నాకు గుండె ఆగినంత పనైంది.

ఆన్‌లైన్లో చవగ్గా కనబడింది కదా అని డిస్క్ బ్రేకు జత బుక్ చేసేరు, జాగ్రత్త. రిమ్ము మీద ప్యాడ్ పట్టే చోటే ఉండదు, ఇరుసూ కుదరదు. మీ బండికి వెనక హబ్ (చక్రం మధ్య భాగం) వెడల్పు 130 మి.మీ. ఉండాలి. 11 స్పీడ్ ఫ్రీహబ్ (హబ్ మీద గేర్లు ఎక్కే భాగం) వస్తే మీ 10 స్పీడ్ క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) వెనక 1.85 మి.మీ. స్పేసర్ (సందు పూడ్చే రింగు) వేయించండి, లేకపోతే క్యాసెట్ లొడలొడలాడుతుంది.

కొన్న రోజే స్పోకులు నాలుగైదు అదనంగా అడిగి తీసుకోండి. వెనక చక్రంలో గేర్ల వైపువి, అవతలి వైపువి పొడవు వేరు, రెండు రకాలూ ఉండాలి. నావి గుడ్డ చుట్టి సీటు పోస్టు లోపల దోపి పెట్టా. రెండేళ్లయింది, ఇంకా బయటికి తీయలేదు.