రేటింగ్ ఎక్కువని స్కూల్ మార్చాలా? మా ఇద్దరు పిల్లల విషయంలో జరిగింది

ఒకటో తరగతి, మూడో తరగతి పిల్లలు, ఇప్పటి స్కూల్‌తో పెద్ద ఇబ్బందేమీ లేదు, కానీ కాస్త దూరంలో మంచి రేటింగ్ ఉన్న స్కూల్‌లో ఇద్దరికీ సీటు దొరికింది, మార్చాలా వద్దా అని అడిగారు. నాలుగేళ్ల కిందట మాదీ ఇదే పరిస్థితి. మేం మార్చేశాం. పాపకు మేలు జరిగింది, బాబుకు జరగలేదు. అందుకే అన్నిటికన్నా ముందు చెప్పేది, ఇద్దరి గురించీ కలిపి ఒకే నిర్ణయం తీసుకోకండి.

మా పాప అప్పుడు మూడో తరగతి. ఇచ్చిన లెక్కలు అందరికన్నా ముందే చేసేసి ఖాళీగా కూర్చునేది. నోట్సు వెనక పేజీల నిండా పువ్వుల బొమ్మలే. టీచర్‌తో రెండుసార్లు మాట్లాడాం. మంచావిడే, కానీ అన్ని స్థాయిల పిల్లలున్న తరగతిలో అంతకుమించి ఆవిడకు కుదరలేదు. కొత్త స్కూల్‌లో చేరిన నెలకి పాప ఇంటికొచ్చి, "అమ్మా, ఇవాళ ఒక లెక్క నాకు రాలేదు" అంది. ఆ మాట చెబుతున్నప్పుడు దాని మొహం వెలిగిపోయింది. దాన్ని మార్చడం సరైన పనేనని నాకు ఆరోజే అనిపించింది.

బాబు ఒకటో తరగతి, కూడబలుక్కుని చదివే దశ. పాత స్కూల్‌లో టీచర్ వాణ్ని రోజూ ఓ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని, లైను కింద వేలు పెట్టించి చదివించేది. ఆ పది నిమిషాల విలువ అప్పట్లో మాకు తెలియలేదు. ఇద్దరినీ ఒకేచోట దింపి రావచ్చని వాణ్ని కూడా మార్చాం. కొత్త చోట పాఠాలన్నీ గడగడా అప్పజెప్పేవాడు, మేం సంబరపడిపోయాం. మూడు నెలల తర్వాత ఒక రాత్రి, పాఠం మధ్యలో ఒక వాక్యం చూపించి "ఇది చదువు నాన్నా" అన్నాను. వాడు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, మొదటి లైను నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. వేలు ఒక చోట, మాట ఇంకో చోట. పాఠం మొత్తం బట్టీ పట్టేశాడు, చదవడం మాత్రం రాలేదు. అంతమంది పిల్లల మధ్య అది ఎవరి కంటా పడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక రేటింగ్ సంగతి. చాలాచోట్ల అందులో పెద్ద వాటా పరీక్ష మార్కులదే. ఆ మార్కుల్లో స్కూల్ నేర్పింది ఎంతో, ఇంట్లో తల్లిదండ్రుల చదువు, ఆదాయం వల్ల వచ్చింది ఎంతో ఆ ఒక్క అంకె చూసి విడదీయలేం. చేరిన పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్లారో చూపించే లెక్క ఎక్కడైనా దొరికితే అది చూడండి, మొత్తం మార్కులకన్నా అదే నయం. రేటింగ్ ఏ ఏడాదిదో కూడా చూడాలి. ఇంగ్లండ్‌లో తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ 'అవుట్‌స్టాండింగ్' అని తేల్చిన స్కూళ్లకు 2012 నుంచి 2020 దాకా మామూలు తనిఖీల నుంచి మినహాయింపు ఉండేది. అంటే కొన్నిచోట్ల తల్లిదండ్రులు ఏళ్లనాటి మాట చూసుకుని పిల్లల్ని చేర్చారన్నమాట. ప్రభుత్వ స్కూళ్లకు అలా మొత్తానికి ఒకే మాటలో గ్రేడు ఇవ్వడం 2024 సెప్టెంబరులో మానేశారు.

చిన్న తరగతుల విషయంలో నేనైతే రేటింగ్ కన్నా ముందు సెక్షన్‌కి ఎంతమంది అని అడుగుతాను. అమెరికాలోని టెన్నెసీలో 1985 నుంచి నాలుగేళ్ల పాటు ఒక పెద్ద ప్రయోగం చేశారు. 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల్లో పెట్టిన పిల్లలు, 22 నుంచి 25 మంది ఉన్న తరగతుల పిల్లలకన్నా చదవడంలో, లెక్కల్లో ముందున్నారు. మా వాడి విషయంలో నేను కళ్లారా చూసిందీ ఇదే.

కొత్త స్కూల్‌కి ఒక్కసారైనా పనిరోజున వెళ్లండి. ప్రిన్సిపాల్ గదిలో మాట్లాడి వచ్చేయకండి, ఒకటో తరగతి గది చూపించమనండి. ఒక పిల్లాడికి చదవడం రావడం లేదని మీకు ఎన్నాళ్లకు తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తారు అని ఆ టీచర్‌నే అడగండి. ఫలానా రోజున విడిగా కూర్చోబెడతాం అని సూటిగా జవాబొస్తే ధైర్యంగా ఉండొచ్చు. "మా దగ్గర అలాంటి పిల్లలు ఉండరండీ" అంటే మాత్రం జాగ్రత్తపడండి. ఈ ఏడాది ఎంతమంది టీచర్లు మానేశారో కూడా కనుక్కోండి, స్కూల్ వదిలే టైముకి గేటు దగ్గర నిలబడితే అక్కడి తల్లిదండ్రులే చెప్పేస్తారు. ప్రయాణం కూడా తక్కువ విషయం కాదు. ఆరేళ్ల పిల్లలకు రోజూ గంటసేపు బండిలో గడిచిపోతే ఆట పోతుంది, నిద్రా తగ్గుతుంది.

బాబుని మరుసటి ఏడాది పాత స్కూల్‌కే తీసుకొచ్చాం. మా ఆయన ఒకరిని, నేను ఒకరిని దింపుతాం, అలసట ఉంటుంది. వాడు చదవడం అందుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇప్పుడు పడుకునే ముందు పుస్తకం వాడే తీస్తాడు.

మీ మూడో తరగతి బిడ్డను తరగతిలో ఖాళీగా కూర్చోవాల్సి వస్తోందా అని నెమ్మదిగా అడిగి చూడండి. ఒకటో తరగతి బిడ్డ చేత పాఠం మధ్య నుంచి చదివించండి. ఇప్పటి టీచర్ దగ్గర బిడ్డ చదువు సాగుతుంటే, ఈ ఏడాదికి కదిలించకండి. సీటు ఖరారు చేయడానికి ఎప్పటిదాకా గడువుందో కనుక్కుని, ఆలోపే ఈ రెండూ చూసుకోండి.