"నేనేమైనా చిన్నపిల్లనా?" అంటున్న అత్తగారికి ఏ పని ఇవ్వాలి?

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. బీపీకి ఇంకో మాత్ర ఉంది. ఏడాదిగా మతిమరుపు కనిపిస్తోంది. మాత్ర వేసుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ అడుగుతారు. నేనూ మావారూ ఉద్యోగాలకు వెళ్తాం కాబట్టి రెండు నెలలుగా పగటిపూట ఆవిడను వృద్ధుల సంరక్షణ కేంద్రంలో దింపుతున్నాం. ఈ ఎండాకాలం అక్కడ రంగు కాగితాలు, రంగులు వేసే బొమ్మల పుస్తకాలు ఇస్తున్నారు. ఆవిడ 'నేనేమైనా చిన్నపిల్లనా' అని వాటిని పక్కకు నెట్టేసి ఊరికే కూర్చుంటున్నారట. ఇలాంటి పనులవల్ల నిజంగా ఉపయోగం ఉందా? ఏం చేయించమని కేంద్రం వారికి చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ అత్తగారు అన్నదాంట్లో తప్పేమీ లేదమ్మా. ఇన్నేళ్లు సంసారం నడిపిన మనిషి ముందు కుందేలు బొమ్మ పెట్టి రంగు వేయమంటే చిన్నబుచ్చుకోరా? ఉపయోగం ఉందా అని అడిగారు. తప్పకుండా ఉంది. వేళ్లు కదులుతాయి, పగటి కునుకు తగ్గి రాత్రి నిద్ర బాగా పడుతుంది, నలుగురితో మాట కలుస్తుంది, దిగులు తగ్గుతుంది. అయితే మతిమరుపు జబ్బు ఉంటే దాన్ని ఇవి నయం చేయవు. ఆ ఆశ పెట్టుకోవద్దు.

పని సంగతికి ముందు నాకు రెండు అనుమానాలున్నాయి. ఆవిడ కాగితాన్ని పక్కకు నెట్టడానికి కారణం కోపమే కాకపోవచ్చు. గీతలు సరిగా కనబడుతున్నాయా? ఈ వయసులో కంటి శుక్లాలు, పన్నెండేళ్ల షుగర్‌తో రెటీనా దెబ్బతినడం మామూలుగా చూసేవే. కనబడటం లేదని ఒప్పుకోవడం ఇష్టంలేక 'నాకు వద్దు' అనే పెద్దవాళ్లను నేను చాలామందిని చూశాను. కంటిపాపకు చుక్కల మందు వేసి చేసే రెటీనా పరీక్ష చేయించండి. రెండోది, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు. అది తగ్గినా మతిమరుపు, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి. థైరాయిడ్ తక్కువైనా మతిమరుపు రావచ్చు. ఈ రెండు రక్తపరీక్షలూ చేయించకుండా 'వయసు కదా' అని సరిపెట్టుకోకండి. లోపం ఉంటే మందులతో సరిచేయవచ్చు.

ఇక పని. మతిమరుపు మొదలైనప్పుడు సాధారణంగా ముందు జారిపోయేవి నిన్న మొన్నటి సంగతులు. చేతులు ఏళ్ల తరబడి చేసిన పనుల జ్ఞాపకం మెదడులో వేరే చోట ఉంటుంది, అది చాలాకాలం నిలుస్తుంది. పొద్దున ఏం తిన్నదీ చెప్పలేని ఆవిడ చేతిలో నాలుగు మల్లెమొగ్గలు, ఒక అరటినార పెట్టి చూడండి. ముడి తనంతట తానే పడుతుంది. అందుకే కొత్త విద్య నేర్పించే ప్రయత్నం మానుకుని, ఆ చేతులకు ముందే వచ్చిన విద్య ఏమిటో కనుక్కోండి. ఈ సంగతి కేంద్రం వారికి తెలియదు, ఇంటివాళ్లకే తెలుస్తుంది. ఆవిడ పెళ్లికి ముందు ఏం చేసేవారో, పండగలకు ఏం చేసేవారో ఒక కాగితం మీద రాసి వారికి ఇవ్వండి.

నన్నడిగితే ముందు దూది ఇవ్వమంటాను. గింజ తీసిన పత్తి గుప్పెడు, ఒక చిన్న గిన్నెలో విభూతి, అంతే సరంజామా. చిటికెడు దూదిని రూపాయి బిళ్లంత పరిచి, నడిమధ్య నుంచి కొనను పైకి లాగి, విభూతి అద్దుకున్న వేళ్లతో మెలిపెడితే పువ్వొత్తి. అదే దూదిని సన్నగా సాగదీసి అరచేతుల మధ్య నలిపితే అడ్డవత్తి. బొటనవేలు, చూపుడువేలు కలిసి చేసే ఈ మెలి, కీళ్లు బిగుసుకున్న చేతికి ఫిజియోథెరపీలో చేయించే వేళ్ల కసరత్తు లాంటిదే. పైగా ఇది ఉత్తుత్తి పని కాదు. కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్ట ప్రతి ఇంట్లో కావాలి. రోజుకు పది చేసినా 37 రోజుల్లో ఒక కట్ట పూర్తవుతుంది. 'ఈసారి మన ఇంటి కట్ట మీదే అత్తయ్యా' అని మీరు అడగండి, కేంద్రం వారు అడిగితే ఆ బరువు రాదు.

ఇందులో ఒక చిక్కుంది. ఫ్యాను కింద దూది ఎగిరిపోతుంది. ఎగురుతోందని ఎవరో ఫ్యాను కట్టేస్తారు. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ గదిలో ముసలివాళ్లను ఫ్యాను లేకుండా అరగంట కూడా కూర్చోబెట్టకూడదు. లోతైన గిన్నెలో దూది పెట్టుకుని, గిన్నె లోపలే చేతులుంచి చేయమనండి. అలా కుదరకపోతే ఆ రోజు దూది మానేసి చింతపండు ఇవ్వండి. మన వైపు వేసవిలో ఇంటింటా ఉండే పనే కదా! గింజలు తీస్తూ కబుర్లు చెప్పుకుంటారు, తీసిన గింజలతో సాయంత్రం వామనగుంటలు ఆడుకుంటారు. గుంట గుంటకూ గింజలు లెక్కపెట్టడం మెదడుకు మంచి పని.

కేంద్రంలో మగవాళ్లూ ఉంటారు, వారు వత్తుల దగ్గరకు రాకపోవచ్చు. వారికి తోలుబొమ్మలు బాగుంటాయి. మేకతోలుతో ఈ బొమ్మలు చేసే నిమ్మలకుంట మనకు దగ్గరే, ధర్మవరం పక్కన. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు, ఉలి మనకొద్దు. మందపాటి తెల్లకాగితం మీద హనుమంతుడినో జింకనో పెద్దగా గీసి, రంగు వేసి, వెనకవైపు కొంచెం నూనె రాస్తే వెలుగు కాగితం గుండా వస్తుంది. ఆఫీసుల్లో కాగితాలకు చిల్లులు వేసే పరికరంతో నగల చోట చుక్కలు కొట్టి, వెనక ఒక వెదురుబద్ద అతికిస్తే చాలు. తెల్ల పంచెను తెరలా కట్టి, వెనక టార్చిలైటు పెట్టండి. దీపం మాత్రం వద్దు, నూనె కాగితం ఇట్టే అంటుకుంటుంది. ఊళ్లో తెల్లవార్లూ బొమ్మలాట చూసిన తరం వాళ్లది. బొమ్మ తెర మీదికి రాగానే కథ ఎవరు చెప్పాలన్నది వాళ్లే తేల్చుకుంటారు. ఇదీ బొమ్మకు రంగు వేయడమే, కానీ దీన్ని ఎవరూ చిన్నపిల్లల పని అనరు.

వేళ్లు బాగా వంకరపోయినవారికి, చేయి వణికేవారికి సన్నటి పని ఇచ్చి బాధపెట్టవద్దు. పక్షులకు నీళ్లు పెట్టే మట్టి మూకుళ్లకు ఎర్రమన్ను పూసి, తడి బియ్యప్పిండితో వేలితోనే చుక్కలు పెట్టించండి. సున్నం వాడకండి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. సూది పని చేయించాల్సివస్తే మొద్దు మొన ఉన్న లావు సూది ఇవ్వాలి. షుగర్ వల్ల వేళ్ల స్పర్శ తగ్గినవారికి గుచ్చుకున్నా తెలియదు. అదే కారణంతో వేడి జిగురు తుపాకీ వద్దు, మైదాపిండి బంక చాలు. నేల మీద బాసింపట్టు వేయించకుండా, కుర్చీ, మోచేయి ఎత్తు బల్ల ఇవ్వమనండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

ఇప్పుడు చెప్పేది కేంద్రం వారికి తప్పకుండా చదివి వినిపించండి. మీ అత్తగారు వాడే గ్లిమెపిరైడ్ మాత్రకు, వేళకు తినకపోతే షుగర్ పడిపోతుంది. పనిలో లీనమై భోజనం ఆలస్యమైతే చెమట, వణుకు, తడబాటు వస్తాయి. వేసవిలో ఆ చెమట చూసి 'ఎండకు' అనుకుంటారు. అక్కడే ప్రమాదం. వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. మీటరు లేకపోతే ఆలోచించకుండా చక్కెర ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

పనులన్నీ పొద్దున పది నుంచి పన్నెండు లోపు ముగించాలి. వయసు పెరిగితే దాహం సరిగా తెలియదు, పైగా మాటిమాటికీ లేవాలని నీళ్లు మానేసేవారు ఎక్కువ. కుర్చీ మరుగుదొడ్డికి దగ్గరగా వేయమనండి, గంటకోసారి గ్లాసు చేతికివ్వమనండి. గుండె, కిడ్నీ జబ్బులవల్ల డాక్టరు నీళ్లు తగ్గించమన్నవారికి మాత్రం ఆ లెక్కే పాటించాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు చల్లి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

ఇంకొక్క మాట. మెల్లగా ఏడాదిగా వస్తున్న మతిమరుపు వేరు, నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటం వేరు. రెండోది మతిమరుపు ముదరడం కాదు. నీరు తగ్గడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం వంటివి కారణం కావచ్చు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు కొన్నింటితో సోడియం తగ్గుతుంది, ఆవిడది ఆ రకమో కాదో మీ డాక్టరును అడిగి తెలుసుకోండి. అలా జరిగితే మర్నాటిదాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కన్ను చూపించి, బి12, థైరాయిడ్ ఫలితాలు వచ్చాక రాయండి. మాత్రల డబ్బాలో రోజుకొక గడి ఉండేది కొని ఈలోగా వాడటం మొదలుపెట్టండి, వేసుకున్నదీ లేనిదీ ఆవిడకే కనబడుతుంది. దూది మాత్రం రేపే పంపండి.