రొయ్యల గుంట, ప్రవచనం, మొదటి కొరింథీ

(పాఠకుల ప్రశ్నలు, అయ్యగారి జవాబులు)

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది ఇందుకూరుపేట పక్కన. మా ఆయన నాలుగెకరాల్లో రొయ్యల గుంటలు చేస్తా ఉండాడు, వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ రోగం కొట్టి పోయినాయి, మేత అంగడాయనకి బాకీ అట్టనే ఉండాది. ఈమధ్య ఒక కూటానికి బయటూరి నుంచి వచ్చిన సేవకుడు మా ఆయన తల మీద చెయ్యి పెట్టి, నీ సరిహద్దులు విశాలపరుస్తాను అంటున్నాడు దేవుడు అని ప్రవచనం చెప్పినాడు. అప్పట్నుంచి ఇంకో ఎనిమిదెకరాలు లీజుకి తీసుకోవాలని పట్టుబట్టి, నా బంగారం బ్యాంకులో పెడదాం అంటా ఉండాడు. మా అన్న సీడు, అంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలు, నీళ్లు టెస్టు చేసే ల్యాబ్‌లో పని చేస్తాడు. ఈ పంటకి ఆగండి, గుంటలు బాగా ఎండబెట్టండి, సీడుకి వైరస్ ఉందో లేదో చూసే పిసిఆర్ టెస్టు చేయించకుండా వదలొద్దండి అని నెత్తీనోరూ కొట్టుకుంటా ఉండాడు. మా ఆయన ఏమో, మీ అన్నది మనుష్య జ్ఞానం, నాది దేవుని ప్రత్యక్షత, దేవుని వెఱ్ఱితనమే మనుష్య జ్ఞానం కంటే గొప్పదని వాక్యంలో ఉంది, నీకు విశ్వాసం లేదు అంటా ఉండాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నిజంగా నాకు విశ్వాసం లేదా అయ్యగారూ?
– ఒక సోదరి

జవాబు: తల్లీ, ముందు బంగారం సంగతి. ఇవ్వబాకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మీ ఆయన చూపించిన వచనం ఉంది, అబద్ధం కాదు, మొదటి కొరింథీ 1:25. కానీ ఆ అధ్యాయం మొత్తం ఒకసారి ఆయన పక్కన కూర్చుని పైకి చదవండి. పౌలు అక్కడ మాట్లాడతా ఉండేది ఒకే ఒక్క విషయం గురించి, సిలువ గురించి. సిలువ మీద చచ్చిపోయిన మనిషి లోకానికి రక్షకుడు అంటే గ్రీసు దేశపోళ్లకి నవ్వొచ్చింది, యూదులకి ఒళ్లు మండింది, ఎంత తెలివి పెట్టి ఆలోచించినా ఆ సంగతి ఎవరికీ తట్టేది కాదు, దేవుడే బయటపెట్టాల్సి వచ్చింది. దేవుని వెఱ్ఱితనం అని పౌలు అన్నది దాన్ని. నీళ్లలో ఉప్పు శాతం ఎంతుందో చూడొద్దని కాదు, సీడు టెస్టు చేయించొద్దని అసలే కాదు. పిసిఆర్ చేయిస్తే పరిశుద్ధాత్మ నొచ్చుకుంటాడని నేను ఇన్నేళ్లలో బైబిల్లో ఏ పత్రికలోనూ చదవలా.

ఇంకోటి. మనోళ్లు ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. దేవుని ప్రత్యక్షత ఒక పక్క, మనుష్య జ్ఞానం ఒక పక్క పెట్టి తూచేటప్పుడు, ఆ సేవకుడి మాటని తీసుకెళ్లి నేరుగా దేవుడి తట్టలో వేస్తాం. ఎందుకు వేయాలి? ఆయనా మనిషే కదా. ఆయన మాట దేవుడిదో కాదో తేలకముందు అది కూడా మనుష్య జ్ఞానమే, కాకపోతే తెల్ల బట్టలు వేసుకుని మైకులో వచ్చింది అంతే. మీ అన్న మాట ల్యాబ్ కాగితంతో వచ్చింది. ఇప్పుడు మీ ఇంట్లో గొడవ ఇద్దరు మనుషుల మాటల మధ్య.

నాతాను తెలుసు కదా, దావీదు కాలం ప్రవక్త, పెద్ద ప్రవక్త, అనామకుడేం కాదు. దావీదు మందిరం కడతానని ఆశగా చెప్తే నాతాను అక్కడికక్కడే, నీకు తోచినదంతా చెయ్యి, దేవుడు నీకు తోడు అనేశాడు. ఆ రాత్రే దేవుడు మాట్లాడి, కట్టేది నువ్వు కాదు నీ కొడుకు అని చెప్పి పంపించాడు, నాతాను మళ్లీ పోయి తన మాట తనే వెనక్కి తీసుకున్నాడు (రెండో సమూయేలు 7). అసలైన ప్రవక్త కూడా తన అభిప్రాయాన్ని దేవుడి మాట అనుకుని చెప్పేయగలడు, ఎందుకంటే ఎదుటివాడు ఆశగా చూస్తా ఉంటాడు, కాదనబుద్ధి కాదు. పౌలు ఇంకా జాగ్రత్త మనిషి. పెళ్లిళ్ల గురించి రాసేటప్పుడు, ప్రభువు ఆజ్ఞ నేను పొందలేదు గాని నా తాత్పర్యము చెప్పుచున్నాను అని గీత గీసి మరీ రాశాడు (మొదటి కొరింథీ 7:25). అపొస్తలుడికి ఉన్న ఆ భయం ఈరోజు మైకు పట్టుకున్నోళ్లలో ఎందరికుందో నేను చెప్పను, మీకే తెలుసు.

మీరు అనుకోవచ్చు, అయితే దేవుడు మన పనుల్లో అసలు మాట్లాడడా అని. మాట్లాడతాడు. మన ప్రాంతంలోనే జరిగిన సంగతి ఒకటి ఉంది, అదీ ఇదే మొదటి కొరింథీ మొదటి అధ్యాయంతో, అందుకే మీ ఉత్తరం చదవంగానే నాకు గుర్తొచ్చింది. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. మొదట్లో పట్నంలో పెద్ద కులాలోళ్లు ఆయనతో బాగానే ఉన్నారు, పిల్లల్ని బడికి పంపారు. తర్వాత పల్లెల నుంచి మాదిగవాళ్లు బాప్తిస్మం కోసం రావడం మొదలైంది, పెద్దోళ్లొచ్చి, వీళ్లని చేర్చుకుంటే మేం రాం అని తెగేసి చెప్పారు. లెక్క ప్రకారం చూస్తే వాళ్ల మాట వినడమే తెలివి, ముందు పైవాళ్లని పట్టుకుంటే కిందవాళ్లు తర్వాత వాళ్లే వస్తారు అని ఏ మేనేజరైనా చెప్తాడు. దొర తోచక గదిలోకి పోయి ఒక బైబిల్ తీస్తే తెరుచుకున్న చోటు మొదటి కొరింథీ 1:26, లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్పవంశమువారైనను అనేకులు పిలువబడలేదు అనే మాట. అవతల గదిలో దొరసాని కూడా, ఈయన సంగతి తెలియకుండానే, అదే భాగం చదువుకుంటా ఉందంట. పల్లె జనాన్ని చేర్చుకున్నారు, బడి ఖాళీ అయిపోయింది.

ఇక్కడ ఒక్కటి గమనించు తల్లీ. ఆ మాట దొరకి ఏం ఇచ్చింది? ఉన్న పలుకుబడి పోగొట్టింది. ఆయనకి ఇష్టమైన దారికి అడ్డం నిలబడింది. మీ ఆయనకి వచ్చిన మాట ఆయన ముందే మనసులో అనుకుంటా ఉన్న ఎనిమిదెకరాల వైపే తోసింది. దేవుడు ఎప్పుడూ మనకి నచ్చింది చెప్పడు అని నేను అనను, ఒక్కోసారి చెప్తాడు, కానీ మన ఆశా ఆయన మాటా అచ్చు గుద్దినట్టు ఒకటే అయినప్పుడు ఇంకోసారి తిప్పి చూసుకోవాలి. సరిహద్దులు విశాలపరచడం అంటే లీజే అని ఆ సేవకుడు కూడా చెప్పలేదు కదా, అది మీ ఆయన వేసుకున్న అర్థం. మేత బాకీ తీరడం కూడా సరిహద్దు విశాలమవడమే నా లెక్కలో.

ఆ దొర సంగతి ఇంకొంచెం చెప్పి ఆపేస్తా. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. జనం పిట్టల్లా రాలిపోతా ఉంటే బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. ఇండియా రాకముందు ఆయనకి భూములు కొలిచే సర్వే పని వచ్చు, ఆ కొలతల విద్యే ఇక్కడ అక్కరకొచ్చింది. ప్రార్థన చేశాను కదా కాలవ అదే తవ్వుకుంటది అనుకోలా, గొలుసు పట్టి కొలిచాడు. అంతేనా, కరువు పనులు నడిచినంత కాలం, ఏడాదికి పైనే, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలా, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. అయిపోయాకే 1878 జులై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. లెక్కలు పక్కనపెట్టి వాక్యాన్ని నమ్మిందీ ఆయనే, లెక్కలేసి కాలవ తవ్వించిందీ ఆయనే. ఎక్కడ ఏది కావాలో తెలిసిన మనిషి.

మీకు విశ్వాసం లేదా అని అడిగారు. ప్రతి ఆత్మను నమ్మక పరీక్షించుడి అని యోహాను రాశాడు (మొదటి యోహాను 4:1), మీరు చేసింది అదే. మీ ఆయనతో వాదం పెట్టుకోబాకండి, రొయ్యలు పోయిన మనిషి లోపల ఎంత కాలిపోయి ఉంటాడో గుంటగట్టు మీద, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు మధ్య తెల్లారిందాకా కూర్చున్నోడికే తెలుసు. మీ అన్ననీ, మీ సొంత సంఘ కాపరినీ ఒకరోజు భోజనానికి పిలవండి, నలుగురూ కూర్చోండి. ఉన్న నాలుగెకరాల్లో సగం గుంటలు ఎండబెట్టి, టెస్టు చేయించిన సీడుతో మిగతా సగం చేయమని అడగండి. ప్రవచనం నిజంగా దేవుడిదైతే ఒక పంట ఆలస్యానికి చెడిపోదు.

ప్రశ్న: కందుకూరు మాది, బీటెక్ మూడో ఏడు. హాస్టల్లో మా రూమ్మేట్ బాగా చదివేవాడు, వాడంటాడు, రుజువు లేకుండా నమ్మడం తెలివి తక్కువతనం, మీ బైబిలే జ్ఞానాన్ని వెఱ్ఱితనం అంటుంది, అంటే ఆలోచించొద్దనే కదా అని. నాకు జవాబు దొరకలేదు. అసలు బుద్ధి కంటే ప్రత్యక్షతని ఎందుకు నమ్మాలి?
– ఒక తమ్ముడు

జవాబు: పై జవాబులో బుద్ధి వాడమని చెప్పిన నేనే ఇప్పుడు బుద్ధి చాలదు అని చెప్పబోతున్నా, నవ్వుకోకు అబ్బయ్యా.

మా నాన్న పొగాకు ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్ కాడ రాత్రిళ్లు మంట చూసుకునే పని చేసేవాడు. మాటలు తక్కువ మనిషి. నేను బాప్తిస్మం తీసుకున్న రోజు ఆయన రాలేదు. ఎందుకు రాలేదో నేను ఇరవై ఏళ్లు ఆలోచించా, బాగా ఆలోచించా, ఊళ్లో నామోషీ అనుకున్నా, నా మీద కోపం అనుకున్నా, ఒక్కోదానికీ నా దగ్గర సాక్ష్యాలు కూడా ఉన్నాయి, ఆ వారం అంతా ఆయన నాతో సరిగ్గా మాట్లాడకపోవడం, నా కొత్త చొక్కా వైపు చూడకపోవడం, అట్టాంటివి. తర్వాతెప్పుడో ఒంగోలు బస్టాండులో కందుకూరు బస్సు కోసం నిలబడి ఉంటే, పల్లీలు వలుచుకుంటా ఉన్నట్టుండి ఆయనే అన్నాడు, ఆ రోజు ఆకు రంగు తిరిగే టైం రా, వదిలి వస్తే బ్యారన్ మొత్తం నల్లబడిపోద్ది, రైతు సెలవివ్వలా, పది గంటలకి నిన్ను నీళ్లల్లో ముంచుతారని తెలుసు, సరిగ్గా పది గంటలకి పొయ్యి కాడే మోకాళ్లేశా అని. అంతే, బస్సొచ్చింది, ఎక్కేశాం.

నా బుద్ధిలో లోపం లేదు తమ్ముడూ. చేతిలో ఉన్న సాక్ష్యాల వరకు బాగానే పనిచేసింది. కానీ ఆయన లోపలున్నది ఆయన నోరు తెరిస్తే తప్ప నా బుద్ధికి అందేది కాదు. ఇదే మాట పౌలు రాశాడు, ఒక మనిషి సంగతులు అతనిలో ఉన్న ఆత్మకే గాని ఇంకెవరికి తెలుసు, అట్టాగే దేవుని సంగతులు దేవుని ఆత్మకే తెలుసు అని, మొదటి కొరింథీ 2:11 చూడు. నక్షత్రం ఎంత దూరంలో ఉందో నువ్వు కొలవచ్చు, దానికి దేవుడు చెప్పక్కర్లా. దేవుడు నీ గురించి ఏమనుకుంటున్నాడో కొలిచే పరికరం మాత్రం మీ ల్యాబులో ఉండదు. ఆయన చెప్పాలి, లేకపోతే మనం నాలాగా ఇరవై ఏళ్లు ఊహించుకోవాలి.

మీ రూమ్మేట్‌కి పాస్కల్ గురించి చెప్పు. ఫిజిక్సులో ఒత్తిడికి వాడే ప్రమాణం ఆయన పేరే, లెక్కలు చేసే యంత్రం తయారుచేసిన మనిషి, తెలివి తక్కువోడు అనడానికి మీవోడికి నోరు రాదు. 1654 నవంబరు 23 రాత్రి తనకి కలిగిన అనుభవాన్ని ఒక కాగితం మీద రాసి కోటు లోపల కుట్టుకున్నాడు, 1662లో చనిపోయాక బయటపడింది. అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, తత్వవేత్తల దేవుడు కాదు అని ఉంది అందులో. ఆ రాత్రి తర్వాత ఆయన లెక్కలు పూర్తిగా మానేయలా, 1658లో కూడా జామెట్రీ చేశాడు.

రుజువు మాట కూడా చెప్పాలి. అదే కొరింథీయులకి పౌలు పదిహేనో అధ్యాయంలో, లేచిన యేసును ఒకేసారి ఐదువందల మందికి పైగా చూశారు, వాళ్లల్లో చాలామంది ఇంకా బతికే ఉన్నారు అని రాశాడు. పోయి అడుక్కోండి అన్నట్టే కదా. కళ్లు మూసుకోమనేవాడు సాక్షుల సంగతి ఎందుకు ఎత్తుతాడు? నమ్మడం నమ్మకపోవడం మీవోడి ఇష్టం, వాడితో స్నేహం మాత్రం చెడగొట్టుకోబాక.

ప్రశ్న: నాకు చదువు రాదు నాయనా. మనవడు బైబిలు చదివి వినిపిస్తాడు, వాడు పేర్ల లిస్టులు వస్తే దాటేస్తాడు. చదువురాని నాకు దేవుడి సంగతులు ఏం అర్థమవుతాయి అని మా కోడలు నవ్వుతాది. (మనవడి చేత రాయించినది)
– ఒక జేజి, అద్దంకి

జవాబు: జేజీ, క్లౌ దొర ఒంగోలు వచ్చిన ఏడే బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య గారిది తాళ్లకొండపాడు, తోళ్ల పని చేసుకునే మనిషి, ఆయనకీ చదువు రాదు. అంతకుముందు యోగం చెప్పే గురువు కాడ ఏళ్లపాటు నేర్చుకుని, తనే నలుగురికి చెప్పేవాడు కూడా. అక్కడ దొరకనిది ఆయనకి చెవులతో వింటేనే దొరికింది, ఆయన నోటి మాట విని ఆ చుట్టుపక్కల పల్లెలు కదిలినాయి. జ్ఞానులకు మరుగుచేసి పసిబాలురకు బయలుపరచినావు అని యేసయ్య తండ్రిని స్తుతించింది మత్తయి 11:25లో ఉంది, కోడలి చేతే చదివించుకోండి.

మనవడికి మాత్రం చెప్పండి, పేర్లు దాటేయొద్దని. మత్తయి మొదటి అధ్యాయం ఐదో వచనంలో, యేసయ్య వంశం పేర్లలో, రాహాబు, రూతు అనే ఆడవాళ్లు ఉన్నారు, వాడు దాటేసింది వాళ్లనే.