ముందు కొలను, తర్వాతే పూలు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతి తర్వాత జరిగే పూల ప్రదర్శనలో ప్రాచీన ఈజిప్టు తోట పెడతానని రాశావు. చాలా సంతోషం వేసింది. పిరమిడ్ బొమ్మలకి డబ్బు పక్కన పెట్టానన్నావు చూడు, ఆ డబ్బు నీళ్లకి ఖర్చు పెట్టు. ఆ ఎడారి దేశంలో తోట అంటే ముందు కొలనే.

నెబమూన్ అనే ఉద్యోగి సమాధి గోడ మీద, సుమారు క్రీ.పూ. 1350లో వేసిన తోట బొమ్మ ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాన్ని ప్రింట్ తీయించి ఎదురుగా పెట్టుకో. మధ్యలో పొడవాటి కొలను, అందులో కలువలు, బాతులు, చేపలు. చుట్టూ చెట్లు వరసలు తీరి ఉంటాయి. ఆ చేపలు టిలాపియా, మన మార్కెట్లో జిలేబీ అంటామే, ఆ జాతివి. నీకిచ్చిన జాగాలో సగం కొలనుకే వదిలెయ్యి. చుట్టూ ఇటుకలు పేర్చి, లోపల నల్ల టార్పాలిన్ పరిచి, అడుగు లోతు నీళ్లు పొయ్యి. కలువల కుండీల్లో బంకమట్టి వేసి పైన గులకరాళ్లు పరిస్తే నీళ్లు మురికి కావు.

ఇక అసలు విషయం. ఈజిప్టు లోటస్ అనగానే అందరూ తామర తెచ్చేస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను, ఆ తప్పు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వాళ్ల బొమ్మల్లో ఉన్నది కలువ. గులాబీ రంగు తామర ఆ దేశానికి చాలా ఆలస్యంగా, పర్షియన్ల కాలంలో చేరింది. మన చెరువుల్లోని నల్లకలువ వాళ్ల నీలి కలువకి దగ్గర చుట్టం, అదే పెట్టు. బంతి మాత్రం వద్దు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన పువ్వు, ఆ దేశపు రాజులు, ఫారోలు, కంటితో చూసి ఉండరు.

పేపిరస్, అంటే వాళ్లు కాగితం చేసుకున్న నీటి మొక్క, కొనేటప్పుడు తల చూసి కొను. నర్సరీల్లో అదే పేరు చెప్పి గొడుగులా వెడల్పాటి ఆకులున్న మొక్క ఇస్తారు. అసలు దానికి కాడ చివర పచ్చటి దారాల కుచ్చు ఉంటుంది.

చెట్ల విషయంలో టెన్షన్ పడకు. ఖర్జూరం దొరక్కపోతే ఈత మొక్క చాలు, రెండూ ఒక జాతివే. వాళ్లు పూజించిన సైకమోర్ అత్తికి బదులు మేడి మొక్క పెట్టు. రెండింటికీ కాయలు కాండం మీదే గుత్తులుగా కాస్తాయి. నెబమూన్ తోటలో ఒక మూల ఆ చెట్టులోంచి దేవత వచ్చి పళ్లు అందిస్తుంది. ఆ మూల మేడికే ఇవ్వు.

కొలను పక్కన చిన్న చిన్న మళ్లు కట్టు. వాళ్లూ మనలాగే మళ్లు కట్టి, ఏతంతో నీళ్లు తోడేవాళ్లు. వాటిలో కార్న్‌ఫ్లవర్ అనే నీలి పూలు, ఎర్ర పాపీ పూలు పెంచు. అక్టోబరులోనే విత్తుకో, ఆలస్యం చెయ్యకు. టుటన్‌ఖామన్ అనే ఫారో సమాధి 1922లో బయటపడ్డాక శవపేటికల మీద దొరికిన దండల్లో ఆలివ్ ఆకులు, నీలి కలువ రేకులతో పాటు కార్న్‌ఫ్లవర్లు కూడా ఉన్నాయి. మూడు వేల ఏళ్లకు పైగా చీకట్లో ఉన్న పూలు! ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పూలు కలగలిపి గుత్తులు కట్టకు. ఒక కలువ, ఒక మొగ్గ, మళ్లీ ఒక కలువ, అలా వరస తప్పకుండా సాగాలి. వాళ్ల అందమంతా ఆ వరసలోనే ఉంది.

జడ్జీలు ఎన్ని గంటలకి వస్తారో కనుక్కుని వెంటనే రాయి. నల్లకలువ పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. వాళ్లు సాయంత్రం పూట వచ్చేట్టయితే, రాత్రి పూసే తెల్లకలువ కుండీలు మా దొడ్లో నాలుగున్నాయి, పంపిస్తాను.

మీ పెద్దమ్మ