అడవిలో ఆ టెలిస్కోపు ఎవరు పెట్టించారు?

ప్రశ్న: ఈమధ్య తమిళనాడులోని ఏలగిరి వెళ్లినప్పుడు, దగ్గర్లోని కావలూరు అనే పల్లెలో పెద్ద టెలిస్కోపు ఉందనీ, దాన్ని పెట్టించినాయన హైదరాబాద్‌లో చదువుకున్నారనీ విన్నాం. నిజమేనా? అంత అడవిలో ఎందుకు పెట్టారు? – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: నిజమేనండీ. ఆయన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. మలయాళీ కుటుంబం, 1927లో మద్రాసులో పుట్టారు, కానీ పెరిగింది హైదరాబాద్‌లో. నాన్నగారు బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు కాబట్టి టెలిస్కోపు ఆ పిల్లాడికి ఇంట్లో వస్తువులాంటిదే. నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లారు. 1949 జూలైలో అక్కడ ఆకాశాన్ని ఫొటో తీస్తే, ఆ ఫొటో పడ్డ గాజు పలక మీద నక్షత్రాల మధ్య ఎవరూ ఊహించని తోకచుక్క బయటపడింది! దానికి, ఆయనతో పాటు దాన్ని కనిపెట్టిన ఇద్దరి పేర్లూ కలిపి, బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు.

అక్కడే ఉండిపోతే హాయిగా గడిచేది. అయినా తిరిగొచ్చేశారు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టర్ అయ్యారు. అది ముఖ్యంగా సూర్యుణ్ని చూసే చోటు. నక్షత్రాలకైతే ఊళ్ల దీపాల వెలుగు తగలని, మబ్బులు తక్కువగా పట్టే చోటు కావాలి, అదీ వీలైనంత దక్షిణాన ఉంటే అగస్త్య నక్షత్రంతో పాటు ఇంకా కిందికుండే దక్షిణాకాశం కూడా బాగా అందుతుంది. వెతగ్గా వెతగ్గా జవ్వాది కొండల్లో, దాదాపు 725 మీటర్ల ఎత్తున కావలూరు దొరికింది. 1968లో 38 సెంటీమీటర్ల వెడల్పు అద్దమున్న టెలిస్కోపుతో మొదలెట్టారు, అదీ ఇక్కడే తయారుచేసుకున్నది. 1972లో జర్మనీ నుంచి ఒక మీటరుది వచ్చింది.

1977 మార్చి 10 రాత్రి యురేనస్ ఒక నక్షత్రానికి దగ్గరగా వెళ్తుంటే, ఆ నక్షత్రం వెలుగు గ్రహం ఇంకా చేరకముందే కొన్ని సెకన్ల పాటు తగ్గడం కావలూరు వాళ్లు కూడా రికార్డు చేశారు. అడ్డొచ్చింది యురేనస్ వలయం! అమెరికా వాళ్లు విమానంలోంచి చూసి కనిపెట్టిన వలయాలే అవి, ఆ రాత్రి మన అడవిలోనూ చిక్కాయి. నాకైతే ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఒళ్లు పులకరిస్తుంది.

బప్పుగారి అసలు కల 2.3 మీటర్ల టెలిస్కోపు. దాని అద్దాన్ని బెంగళూరులో మనవాళ్లే సానబెట్టారు. అది పూర్తవకముందే, 1982 ఆగస్టులో, గుండె ఆపరేషన్ తర్వాత మ్యూనిక్‌లో ఆయన కన్నుమూశారు. వయసు 55 ఏళ్లే. అప్పటికి అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకి ఆయనే అధ్యక్షులు. 1986 జనవరిలో ఆ టెలిస్కోపుకీ, కావలూరు అబ్జర్వేటరీకీ ఆయన పేరే పెట్టారు.

ఈసారి వెళ్తే ఫిబ్రవరిలో, అమావాస్య దగ్గర పడేలా చూసుకోండి. అబ్జర్వేటరీ లోపలికి రానిచ్చే వేళలు మాత్రం ముందే కనుక్కుని బయల్దేరండి.