పాకలో పడున్న చేతక్, పట్టేసిన ఇంజిన్

ప్రశ్న: మా నాన్నగారి పాత బజాజ్ చేతక్, టూ స్ట్రోక్ బండి, పన్నెండేళ్లుగా గొడ్లపాకలో ఉంది. కిక్ కొడితే రాయిని తన్నినట్టుంది. ఇంజిన్ పట్టేసింది, తుక్కుకి వేసేయమంటున్నారు. ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ కిక్ కొట్టడం ఆపండి. బరువంతా వేసి తొక్కితే పిస్టన్ కదలదు గానీ లోపల కిక్ గేర్ పళ్లు పోతాయి, ఈ పాఠం నేను డబ్బులు పెట్టి నేర్చుకున్నాను.

పాకలో పెట్టిన రోజు బండి నడుస్తూనే ఉందా, లేక దారిలో ఆగిపోతే తోసుకొచ్చి పెట్టారా? ఇది నాన్నగారిని అడగండి. నడిచే బండే అయితే తేమకి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, ఇనుప సిలిండరు కలిసి తుప్పుతో అతుక్కుని ఉంటాయి, అది ఓపికతో వదిలే జబ్బే. దారిలో వేడెక్కి పట్టేసి ఉంటే మాత్రం పిస్టన్ అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకి పూసుకుపోయి ఉంటుంది, వదిలినా బోరు, అంటే సిలిండర్ లోపలి గోడని కాస్త వెడల్పుగా కోయించడం, తరచూ చేయించాల్సే వస్తుంది.

ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోంచి డీజిల్, పవర్ స్టీరింగుకి వాడే ఏటీఎఫ్ ఆయిల్ సగం సగం కలిపి సిరంజితో పోయండి. పోసింది గంటలోనే మాయమైతే కంగారు పడకండి, పిస్టన్ కిందికి ఉండిపోతే పోర్టు (సిలిండర్ గోడలో పొగ బయటికి పోయే రంధ్రం) తెరిచి ఉండి సైలెన్సర్లోకి కారిపోతుంది, అంతే. రోజూ కాస్త పోస్తూ వారం ఆగండి. తర్వాత నాలుగో గేరులో వేసి, ప్లగ్ లేకుండానే, బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. టాప్ గేరులోనే ఎందుకంటే చక్రం బలం ఇంజిన్ మీద ఎక్కువ పడేది అందులోనే. వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్లీ నూనె పోసి మర్నాడు చూడండి. ఫ్యాన్ రెక్కల్లో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పొద్దు, విరుగుతాయి.

వదిలింది కదా అని స్టార్ట్ చేసేయకండి! హెడ్డు, సిలిండరు తీసి చూడాల్సిందే. సిలిండర్‌ని తిప్పుతూ లాగొద్దు, తిన్నగా లాగండి, లేకపోతే రింగు కొస పోర్టులో తగులుకుని విరుగుతుంది. గోడ మీద వేలిగోరు తగులుకునే గీతలుంటే బోరుకి ఇవ్వండి, అదీ కాస్త పెద్ద సైజు (ఓవర్‌సైజ్) కొత్త పిస్టన్ ముందు కొని, దాన్ని బోరు చేసేవాళ్ల చేతికిచ్చి దానికి సరిపడా కొట్టమనండి.

చాలామంది వదిలేసేది క్రాంక్ ఆయిల్ సీళ్లు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకి రెండు వైపులా ఉండే రబ్బరు రింగులు. అన్నేళ్లకి రబ్బరు గట్టిపడిపోతుంది. మాగ్నెట్ వైపు సీలు గాలి పీలిస్తే లోపలికెళ్లే గాలిలో పెట్రోలు పాలు తగ్గి ఇంజిన్ వేడెక్కి మళ్లీ పట్టేస్తుంది, క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ లాగి వీధంతా పొగ. అవి మార్చాలంటే ఇంజిన్ రెండు ముక్కలుగా విప్పాలి, ఆ పని మొదటిసారి తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

ప్రశ్న: పాత పెట్రోలు ట్యాంకులోనే ఉంది, వాడొచ్చా?

జవాబు: వద్దు. జిగురైపోయి ఉంటుంది, కార్బురేటర్ జెట్లు మూసుకుపోతాయి. పారబోసి, ట్యాంకు కడిగి, కొత్త పెట్రోలు లీటరుకి 20 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్ బండ్ల) ఆయిల్ కలిపి పోయండి. కొత్త బోరు అయితే మొదటి కొన్ని ట్యాంకులకి ఆయిల్ కాస్త ఎక్కువే వేసుకోండి.